నడుం నొప్పి మీద నా లెక్చరు

మొన్న బుధవారం ఏం జరిగిందో వినండి. నడుం నొప్పి మీద లెక్చరివ్వడానికి పోర్టుకి వెళ్ళిన నన్ను ఇద్దరు కళాసీలు మోసుకొచ్చి జీపెక్కించారు. పలకరించడానికొచ్చారు కాబట్టి చెబుతున్నాను. నవ్వండి, ఫర్వాలేదు. నేను నవ్వితే మాత్రం ఇక్కడ, ఈ దిండు దగ్గర, పట్టేస్తోంది.

మా ఆసుపత్రిలో కొత్తగా నొప్పుల విభాగం పెట్టారు కదా? విభాగమంటే ఒక గది. మత్తు డాక్టరు సుగుణ మేడమ్, మనసు డాక్టరొకాయన, కసరత్తులు చేయించడానికి ఫిజియోథెరపిస్టుని నేను. ముగ్గురం కలిసి ఒకే పేషెంటుని చూస్తాం. సూపరింటెండెంటు గారికి ఇది నచ్చలేదు. "ఒక నొప్పికి ముగ్గురెందుకయ్యా? అసలు అన్ని నొప్పులు ఎవరికున్నాయో కాగితం మీద చూపించండి. లేదా ఆ గదిలో ఎక్స్‌రే ఫిల్ములు పెట్టించుకుంటాను" అన్నారు.

దాంతో మేడమ్ సైక్లోస్టైల్ కాగితాలు తీయించారు. కాగితం మీద ఒక గీత. ఇటు చివర సున్నా, అటు చివర పది. నొప్పి ఎంతుంటే అక్కడ టిక్కు పెట్టాలి. బస్తాలు మోసే కళాసీలకంటే నడుం నొప్పులు ఇంకెవరికుంటాయని, నన్ను వెంటబెట్టుకుని పోర్టు గోడౌనుకి బయల్దేరారు.

ఇక్కడో సంగతి ఉంది. ఆదివారం నా స్కూటర్ మొరాయిస్తే సీతమ్మధార దాకా తోసుకొచ్చాను. అప్పట్నించి నా నడుం నా మాట వినడం లేదు. మేడమ్‌కి చెప్పలేదు. నడుములు బాగుచేసేవాడి నడుమే బాగోలేదంటే పరువేం కావాలి?

గోడౌన్లో కాగితాలు పంచాం. "మేమూ నింపుతాం. పేర్లు అక్కర్లేదు, భయపడకండి" అన్నారు మేడమ్. వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని నేను నా పేరు, డిగ్రీ కూడా రాసి, సున్నా దగ్గర టిక్కు పెట్టిచ్చాను. చూస్తే కళాసీల ముఠా మొత్తం సున్నాయే! రోజంతా బస్తాలు మోసేవాళ్ళు! మేడమ్ ముఖం వాడిపోయింది. గది పోయినట్టే.

"నువ్వు మాట్లాడు, కాస్త నమ్మకం కుదురుతుందేమో" అన్నారు. నొప్పి దాచుకోకూడదు, దాస్తే ముదురుతుంది అని పది నిమిషాలు దంచాను. తర్వాత బస్తా ఎత్తే పద్ధతి. "నేను చేసినట్టే చేయండి" అని వీపు నిటారుగా పెట్టి, మోకాళ్ళు వంచి, బస్తా ముందు గొంతుక్కూర్చున్నాను.

కలుక్కుమంది! లేవలేను.

ఏం చేస్తాను? కూర్చునే లెక్చరు కానిచ్చాను. ముఠా అంతా మర్యాదగా నాలాగే గొంతుక్కూర్చుంది. వెన్నెముక గురించి చెప్పాను. మెడ గురించి చెప్పాను. ఇంకేమీ మిగలక మోకాలిచిప్ప గురించి కూడా చెప్పాను. వెనకనించి మేడమ్ "చాలా బాగా చెబుతున్నావు" అన్నారు.

అందరిలోకీ పెద్దవాడు పైడయ్య మాత్రం కూర్చున్నవాడు కూర్చున్నట్టే నా పక్కకి జరిగాడు.

"బాబూ, నడుం పట్టేసినాది కదా?" అన్నాడు గుసగుసగా.

"అబ్బే! లేదే!"

"నాకు తెల్దేటి? మేమూ ఇలాగే సేత్తాం. పట్టేసిందంటే బీడీ ముట్టించుకున్నట్టు కూకుండిపోతాం. నొప్పని సెప్తే మన బరువు పక్కోడి మీద పడిపోద్ది కదేటి. అందుకే మేస్త్రీకి సెప్పం. మరి తవరెందుకు సెప్పట్లేదు?"

నిజంగా సిగ్గేసింది.

పైడయ్య లేచి "ఒరే, డాట్రుబాబుకీ పట్టేసిందిరా!" అన్నాడు. గోడౌను రేకులెగిరిపోయేలా నవ్వారు. ఇద్దరొచ్చి నా చంకల కింద చేతులేసి లేపారు. కూర్చున్న ఆకారంలోనే లేచాను.

"అమ్మా, మా కాయితాలు ఓపాలి ఇటియ్యండి" అన్నాడు పైడయ్య మేడమ్‌తో. "బాబుకే ఉంటే మాకుండదేటి?" ఒక్కొక్కళ్ళే వచ్చి సున్నా కొట్టేసి ఏడు, ఎనిమిది దగ్గర టిక్కు పెట్టారు. ఒకాయన గీత దాటి కాగితం అంచున పెట్టాడు.

మర్నాడు సూపరింటెండెంటు గారు మా గదికే వచ్చి కట్టంతా తిరగేశారు. "సరే, గది ఉంచుకోండి" అన్నారు. హమ్మయ్య అనుకుంటున్నాను. ఆఖరి కాగితం దగ్గర ఆగారు.

"ఇంతమందిలో ఒక్కడికే ఏ నొప్పీ లేదే! ఎవరమ్మా ఈ అదృష్టవంతుడు?"

పైనున్న పేరూ డిగ్రీ చదువుకుని, బల్ల మీద వెల్లకిలా ఉన్న నా వంక చూశారు. పడుకునే నమస్కారం పెట్టాను.