నా కథలోని అత్త పెళ్ళిచూపులకొచ్చింది

తొంభైల్లో, పెళ్ళికాక ముందు, మేం భివండీ గైబీ నగర్‌లో ఉండేవాళ్ళం. అప్పుడు ఓ పత్రికకు కథ రాశాను. అందులో గయ్యాళి అత్త ఒకామె. ఏళ్ళ తరబడి సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో నేత పనిచేసి, పెదవుల కదలిక చూసే ఎవరేమన్నారో పట్టేస్తుంది. కోడలికి గుసగుసలాడే దారి కూడా లేదు. ఒళ్ళుమండి చివర్లో ఆ అత్తను మెట్లమీంచి దొర్లించి చంపేశాను.

మరుసటేడు భివండీలోనే ఉన్న టెంఘర్ నుంచి నన్ను చూసుకోవడానికొచ్చారు. పెళ్ళికొడుకు తల్లిని చూసి గుండె జారిపోయింది. రూపాయంత బొట్టు, బుగ్గన తమలపాకు, అచ్చం నేను రాసిన మనిషే! పక్క షెడ్డులో సాంచాలు దడదడలాడుతున్నాయి కదా అని ధైర్యంగా చెల్లి చెవిలో చెప్పాను.

"గీమె నా కథల అత్తనే! ఆఖరుకు సచ్చిపోతది."

చెల్లికే సరిగా వినపడలేదు. గది అవతలి మూల నుంచి పెళ్ళికొడుకు తల్లి కేకేసింది.

"ఎట్ల సచ్చిన్నో గది సుత చెప్పు బిడ్డా!"

టీకప్పు అందిస్తూ, "నిద్రలనే, అత్తమ్మా!" అనేశాను.

"అత్తమ్మ అన్నది గదా, ఇగ ముహూర్తం పెట్టిపియ్యుండ్రి" అందామె.

మా అత్తమ్మకు చదువు రాదు, ఆ మెట్ల సంగతి నేటికీ తెలియదు. భివండీలో ఈ పేజీ చదివేవాళ్ళు దయచేసి పెదవులు కదపకండి.