వదిన దగ్గరే కూలిపోయే ఎడిటర్

తొమ్మిదేళ్లుగా ఒక టెక్స్ట్ ఎడిటర్ ఆలనాపాలనా చూస్తున్న ప్రోగ్రామర్‌కు ఫిర్యాదులు కొత్త కాదు. కానీ ఈసారి ఫిర్యాదు సాక్షాత్తూ వదిన దగ్గర్నుంచి వచ్చింది. భర్తకు అక్క, ప్రెస్సులో ప్రూఫ్ రీడరు, ఇరవై ఆరేళ్లుగా పరాయివాళ్ల అచ్చుతప్పులు ఏరిపారేస్తున్న మనిషి. పని మధ్యలో ఎడిటర్ ఉన్నట్టుండి మూసుకుపోతోందనీ, దిద్దినదంతా గాలిలో కలిసిపోతోందనీ మొదట భోజనాల దగ్గర చెప్పింది. తర్వాత ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత తమ్ముడితో చెప్పించింది.

ప్రోగ్రామరైన మరదలు, ఎడిటర్ కూలినప్పుడల్లా దానంతటదే పంపే క్రాష్ రిపోర్టులు ముందేసుకుని కూర్చుంది. మెమరీలో ఏదో తేడా జరుగుతోందన్నంతవరకే తెలిసింది. ఒక్కో రిపోర్టు ఒక్కో చోటు చూపిస్తోంది. వదిన ఫైలే తెరిచి రెండు రోజులు టైపు చేసింది, చెరిపింది, అతికించింది. ఎడిటర్ చెక్కుచెదరలేదు. మెమరీ తప్పులు పసిగట్టే ఏర్పాటు జోడించి వదినకు ఇంకో కాపీ పంపితే, అది నత్తనడక నడుస్తోందని ఆవిడ అరగంటకే తీసేసి పాతదే పెట్టుకుంది. ఆ సాయంత్రమే పాతది మళ్లీ కూలింది.

“ఆగిపోయే ముందు ఏం నొక్కారు వదినా?”

“ఏం నొక్కుతాను? రోజూ నొక్కేవే.”

మరదలికి ఒళ్లు మండింది. మా అక్క లేనిది ఉన్నట్టు చెప్పదని భర్త అందుకున్నాడు. తను అలా అనలేదని ఆమె కసురుకుంది గానీ, లోపల అనుకుంటున్నది అదే.

మూడో వారం ఇక లాభం లేదని ప్రెస్సుకే వెళ్లింది. వదిన గది యంత్రాల గది పక్కనే. అవి తిరిగినప్పుడల్లా బల్ల సన్నగా వణుకుతోంది. కుర్చీల మీద కూడా కాగితాల కట్టలే. ఒక కట్ట దించి, వదిన వెనకాల కూర్చుని, తెర మీంచి చూపు తిప్పకుండా మధ్యాహ్నం దాకా కాపు కాసింది. ఏమీ కాలేదు. నువ్వుంటే బుద్ధిగా ఉంటుందని వదిన దెప్పింది. మరదలు మంచినీళ్లకు లేచి వెళ్లొచ్చేసరికి ఎడిటర్ మాయమై ఉంది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈసారి తెరను వదిలేసి వదిన చేతులు చూడసాగింది. అప్పుడు కనిపించింది.

వదిన ఏ వాక్యం దిద్దుతుంటే దాని మీద మౌస్ నొక్కి పట్టుకునే ఉంటోంది. కాగితం మీద వరుస తప్పకుండా వేలు పెట్టుకున్నట్టు. ఆ చెయ్యి తీయకుండానే, దిద్దుబాటు నచ్చకపోతే ఎడమచేత్తో అన్‌డూ కొట్టి దాన్ని వెనక్కి తీసేస్తోంది.

మౌస్ నొక్కి ఉన్నంతసేపూ ఆ వాక్యం మెమరీలో ఎక్కడుందో ఎడిటర్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ వాక్యం కొత్తగా చేర్చినదైతే, అన్‌డూ కొట్టగానే అది పోయి ఆ చోటు ఖాళీ అవుతుంది. ఎడిటర్ మాత్రం వాక్యం ఇంకా అక్కడే ఉందనుకుని పాత చోటుకే వెళ్తుంది. చాలాసార్లు ఆ చోటు ఇంకా ఎవరూ తీసుకోకపోవడంతో గండం గడిచిపోతుంది. ఈలోగా వేరే సమాచారం అక్కడికి చేరిందో, అంతా కుప్పకూలుతుంది. మౌస్ పట్టుకుని అన్‌డూ కొట్టాలని ఏ ప్రోగ్రామర్‌కూ తోచదు.

అక్కడే లాప్‌టాప్ తెరిచి వదిన చేసినట్టే చేసింది. పదకొండోసారికి కూలింది. కోడ్‌లో ఆ భాగం రాసిన మహానుభావుడెవరో చూద్దామని, ఎవరెప్పుడేం రాశారో చెప్పే పాత నమోదులు వెతికితే, ఆరేళ్ల కిందటి తన పేరే కనిపించింది. సరిచేయడానికి నాలుగు వరుసలు చాలాయి.

“అయితే తప్పు నాది కాదన్నమాట,” అంది వదిన.

“కాదు వదినా. నాదే.”

వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఎగతాళి చేస్తుందనుకుంటే చేయలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టింది. అందులో ఎడిటర్ మీద మరో ఏడు ఫిర్యాదులున్నాయి, ఒక్కోదానికి తేదీతో సహా. మరదలు నిట్టూర్చి మొదటిది చదవడం మొదలుపెట్టింది.