పద్నాలుగో గదిలో చలి

పైక్ నాబ్ కొండ గురించి మా వైపు ఒక మాట ఉంది. పైన నిలబడి కోటు జిప్పు లాగడం మొదలుపెడితే, అది మెడ దాకా వచ్చేలోపు కిందికి వచ్చేస్తావట. అంతే కొండ. స్కీయింగుకొచ్చే వాళ్లను పైకి లాగడానికి మూడు లిఫ్టులు, అందులో ఒకటి గట్టిగా గాలి వీస్తే ఆగిపోతుంది. సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చి పడే మంచుకు మాత్రం లోటు లేదు. ఈ మాత్రం కొండ కింద ఉన్న లాడ్జిలో ఒక రాత్రి పడుకోవడానికి మూడు వందల ఎనభై తొమ్మిది డాలర్లు. దాని మీద రిసార్ట్ ఫీజని మరో నలభై. ఆ నలభైకి ఏమిస్తారయ్యా అంటే, కాగితపు కప్పులో కాఫీ, హాల్లో మంట ముందు కూర్చునే భాగ్యం. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా!

ఐలి సాల్మెలా ఈ లాడ్జిలో పనికి చేరినప్పుడు గది ఎనిమిది డాలర్లు, రాత్రికి బఠానీ సూపు ఉచితం. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. రాగి గని మూతపడ్డాక పని లేక కూర్చున్న మగవాళ్లంతా కలిసి, ఆదివారం ఆదివారం చెట్లు కొట్టి ఆ కొండ మీద జారుడు దారులు చేశారు. వాళ్లలో ఆమె తండ్రి ఒకడు. ఎవరికీ పైసా కూలి లేదు. పెళ్లయిన ఆరేళ్లకే ఆమె భర్త దుంగల లారీ ప్రమాదంలో పోయాడు. పిల్లల్లేరు. నలభై రెండేళ్లు ఆ లాడ్జి పక్కలు సర్దింది, ఇప్పుడు సర్దేవాళ్లందరికీ పెద్ద. ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. ఆ మాట ఆమె చెప్పుకోదు, మేమే చెప్పుకుంటాం.

ఇరవై రెండేళ్లుగా అద్దెకుంటున్న ఇంటిని సెప్టెంబరులో ఖాళీ చేయించారు. ఇంటి ముసలాయన పోతే కొడుకు వచ్చి గోడలకు తెల్లరంగు వేయించి, స్కీయింగుకొచ్చే వాళ్లకు రోజువారీగా ఇవ్వడం మొదలుపెట్టాడు. రాత్రికి మూడు వందలు. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ అదే దారి పట్టాయి, అద్దెకు గది కావాలంటే గంటన్నర దూరం పోవాలి. ఇంకా సిగ్గులేని సంగతి చెప్పనా? ఆ కొడుకే ఆమెకు ఫోన్ చేసి ఆదివారాలు వచ్చి ఇల్లు శుభ్రం చేసి పొమ్మన్నాడు. ఆమె వెళ్లింది. తన వంటింట్లో తనే పరాయి మనిషిలా స్టవ్ తుడిచి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుంది.

నవంబరులో స్కీయింగుకు కొండ తెరిచారు. అప్పటిదాకా ఐలి కారులోనే పడుకుంది. లాడ్జి వెనక పాత వరసలో, ఒకప్పుడు కూలీలు పడుకునే చోట, చివరిది పద్నాలుగో నంబరు గది. ఇరుకు గది, స్నానానికి నడవా చివరికి పోవాలి. గదుల తాళాలు వేలాడే బోర్డు ఐలి చేతికింద ఉంటుంది. ఏ గదిలోనైనా ఏదైనా చెడిపోతే ఆ తాళం మీద ఎర్ర అట్టముక్క తగిలిస్తారు, ఇక దాన్ని ఎవరికీ ఇవ్వరు. ఐలి ఒక సాయంత్రం పద్నాలుగు మీద ఎర్ర అట్ట తగిలించింది. దాని మీద తన చేత్తోనే రాసింది: హీటర్ పనిచేయడం లేదు. ఆ రాత్రి నుంచి అక్కడే పడుకుంది. హీటర్ శుభ్రంగా పనిచేస్తోంది. ప్రతి ఉదయం ఐదింటికి లేచి, తన సామానంతా మూటకట్టి కారు డిక్కీలో పెట్టి, పని గౌను వేసుకుని ఇంటి నుంచి వచ్చినట్టే ముందు తలుపులోంచి వచ్చేది.

జనవరి చివర మేనేజర్ ట్రెంట్ కంప్యూటర్లో చూశాడు. కుర్రవాడు, రెండు శీతాకాలాల కింద కొత్త యజమానులతో పాటు మిల్వాకీ నుంచి వచ్చాడు. కోపగించుకోడు, అరవడు, అదే భయం. "రెండున్నర నెలలుగా పద్నాలుగు ఖాళీగా ఉందేంటండీ? ఫిబ్రవరి సెలవులు వస్తున్నాయి. ఆర్వోని చూడమనండి," అన్నాడు.

ఆర్వో పెల్టో లాడ్జికీ లిఫ్టులకీ మరమ్మతు మనిషి. అరవై ఆరేళ్లు. ఆ లిఫ్టు మోటార్ల గుట్టు ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. వాళ్ల చర్చివాళ్లకు టీవీ చూడడమే పాపం, ఇక అబద్ధం సంగతి చెప్పాలా! ఒకసారి వేటలో పరిమితికి మించి ఒక బాతు ఎక్కువ పడితే తనే వేట అధికారి ఇంటికెళ్లి జరిమానా కట్టి వచ్చాడు. అలాంటి మనిషి పద్నాలుగో గది తలుపు తీసి, గోడ కింద వెచ్చగా ఉన్న హీటరు మీద చెయ్యి పెట్టాడు. కిటికీ గట్టు మీద గ్లాసులో పళ్ల బ్రష్షు. ఆ పొద్దున ఒంట్లో బాగాలేక ఐలి అది తీయడం మరిచింది. ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు ఆర్వో.

"కొండ తెరిచినప్పట్నుంచి."

"మరి ఇల్లో?"

"ఇల్లు లేదు. అందులో చికాగో వాళ్లు సాసేజీలు కాల్చుకుంటున్నారు."

ఆర్వో టోపీ తీసి తల గోక్కున్నాడు. "మా ట్రైలర్ ఇంట్లో కొడుకూ కోడలూ, ఐదుగురు పిల్లలూ. నేనే సోఫాలో పడుకుంటున్నా. లేకపోతే..."

"నేను అడగలేదుగా! ఒక్క ముక్క చాలు. హీటర్ నడవట్లేదని చెప్పు. మార్చి దాటితే ఏదో చూసుకుంటా."

"నడుస్తోందిగా ఐలీ."

"ఆర్వో!"

"నేనట్లా చెప్పలేను. నీకు తెలుసు."

ఆర్వో నడవాలోకి పోయి కరెంటు కట్టేసి, తిరిగొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. హీటర్ మూత విప్పాడు. జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి ఎర్రతీగ పుటుక్కున కోశాడు. మళ్లీ మూత బిగించి, మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"ఇప్పుడు నడవట్లేదు," అన్నాడు.

చూశారా! లోకంలో ఇంకెవరైనా అయితే ఒక్క అబద్ధం ఆడి ఆ ఆడమనిషికి వెచ్చటి గది మిగిల్చేవాడు. మా ఆర్వో అబద్ధాన్ని నిజం చేశాడు. తిన్నగా పోయి ట్రెంట్‌తో హీటర్ నడవడం లేదనీ, మంచు కరిగాక చూస్తాననీ చెప్పాడు. రెండూ నిజాలే. ఐలికి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది, అయినా గది దక్కిందని ఊపిరి పీల్చుకుంది.

ఆ వారం సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కిందికి పోయింది. కిటికీ అద్దానికి లోపలి వైపే వేలు మందాన మంచు పేరుకుంది. రెండు జతల మేజోళ్లు, ఉన్ని టోపీ, కోటు, వాటి మీద తల్లి కుట్టిన బొంత. తండ్రి గనికి వేసుకెళ్లిన చొక్కాల ముక్కలతో, ఐలి చిన్నప్పటి గౌన్ల ముక్కలతో కుట్టిన బొంత అది. దాని కింద ముడుచుకుని పడుకునేది. పొద్దున లేచేసరికి ముక్కు దగ్గర బొంత అంచు గడ్డకట్టి గరగరలాడేది. దగ్గు పట్టుకుంది. ఒకరోజు దగ్గుకు రాత్రంతా నిద్రలేక ఆలస్యంగా లేచి, పక్క ఎత్తేలోపే తలుపు చప్పుడైంది. ట్రెంట్!

అదృష్టం కొద్దీ ఆమె పని గౌనులో, చేతిలో చీపురుతో ఉంది. ట్రెంట్ ఆమెను చూడనేలేదు. కిటికీ మీద మంచుపువ్వులు చూశాడు, ఇనుప మంచం చూశాడు, బొంత చూశాడు.

"అబ్బ! ఎంత బాగుందండీ ఇది. ఈ బొంత ఎక్కడిది?"

ఐలి నేల ఊడుస్తూనే, "పాతకాలంది. ఇక్కడిదే," అంది.

"జనం దీనికి డబ్బిస్తారు. ఒట్టి మంచం, బొంత, లాంతరు, చలి. గని కూలీలు బతికినట్టు ఒక రాత్రి! బాగుచేయించే ఖర్చు కూడా లేదు."

ఆమె తమాషా అనుకుంది. తమాషా కాదు. నాలుగు రోజుల్లో ఆ గది ఫోటో, ఆ బొంత ఫోటో వెబ్‌సైటులో వచ్చాయి. ఫిబ్రవరి సెలవులకు నాలుగు వందల పాతిక డాలర్లు, హీటరున్న గదికంటే ఎక్కువ! ఎర్ర అట్టను ట్రెంట్ తన చేత్తోనే తీసి చెత్తబుట్టలో వేశాడు. ఆ శుక్రవారం తల్లి బొంతను ఐలి తనే దులిపి, పరాయివాళ్ల కోసం మడతల్లేకుండా పరిచింది. ఆ రాత్రి లాడ్జి వెనక కార్లు నిలిపే చోట, తన కారు వెనక సీటులో పడుకుంది. లాడ్జి తువ్వాళ్లు పది కప్పుకుంది. తెల్లారేసరికి వేళ్లు చీపురు పట్టుకునే స్థితిలో లేవు.

శనివారం ఎనిమిదింటికి పద్నాలుగో గది దంపతులు పెట్టెలతో సహా కౌంటరు మీదికి వచ్చి పడ్డారు. "ఇది హింస! ఇందులో మనుషులు పడుకుంటారా?" అని ఆ భర్త అరిచాడు. ట్రెంట్ చిరునవ్వు చెదరకుండా డబ్బు వెనక్కిచ్చి, ఆర్వోని పిలిపించాడు. మధ్యాహ్నానికి గది మామూలుగా కావాలన్నాడు. తనూ వెంట వెళ్లి నిలబడ్డాడు. ఐలి అప్పటికే లోపల దుప్పట్లు తీస్తోంది.

ఆర్వో మూత విప్పాడు. ట్రెంట్ వంగి చూశాడు. "ఇది కోసినట్టుందే!"

"కోసిందే."

"ఎవరు?"

"నేను."

"ఎందుకండీ?"

ఆర్వో చేతిలో ప్లయర్ అటూ ఇటూ తిప్పాడు. అబద్ధం రాదు, నిజం చెబితే ఐలి పని పోతుంది. ఆ అవస్థ ఐలి చూడలేకపోయింది.

"నా కోసం. నేను ఇక్కడే ఉంటున్నా, నవంబరు నుంచి," అంది.

ట్రెంట్ అరవలేదు. చాలా మర్యాదగా, ఆమె సేవలకు ధన్యవాదాలనీ, ఇవాళ్టితో పని ఆఖరనీ చెప్పాడు. ఆర్వోని ఏమీ అనలేదు. సెలవుల్లో లిఫ్టు ఆగితే ఎవరిని పిలుస్తాడు పాపం! ఐలి మంచం మీది బొంత తీసి చంకలో పెట్టుకుంది.

"అది ఉంచండి," అన్నాడు ట్రెంట్. "లాడ్జిది. మీరే చెప్పారు."

"మా అమ్మది."

"మీరు ఇదివరకు చెప్పింది వేరు. నేనేది నమ్మాలి?" ఆర్వో వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీరు అబద్ధం ఆడరని అందరూ అంటారు. ఇది ఎవరిది?"

ఆర్వో నేల మీద మోకాళ్ల మీదే ఉన్నాడు. చేతిలో తీగ ఉంది. తల ఎత్తలేదు.

"వాళ్లమ్మది," అన్నాడు. "వాళ్లింట్లో ఎన్నోసార్లు చూశాను. వాళ్లమ్మ కుడుతున్నప్పుడు పక్కనే కూర్చుని కాఫీ తాగాను."

ట్రెంట్ భుజాలెగరేసి వెళ్లిపోయాడు. ఐలి బొంతతో కారు దగ్గరికి నడిచింది. మంచు మోకాలి దాకా ఉంది. వెనకే ఆర్వో వచ్చి, కారు తలుపుకు గడ్డకట్టిన మంచు మోచేత్తో కొట్టి తలుపు తెరిచిపెట్టాడు.

"నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చావయ్యా?" అంది ఐలి.

"రాలేదు."

"మా అమ్మను చూశావా?"

"లేదు." ఆయన టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

ఐలి స్టీరింగు ముందు కూర్చుని, బొంత ఒళ్లో పెట్టుకుని, ముందుకు చూస్తూ అంది: "ఆ అబద్ధమేదో నెల కిందట ఆడి ఉంటే, నాకు గది ఉండేది కదయ్యా."