తాంబ్‌దరేల మేడికొమ్మ

మా ఊళ్లో తాంబ్‌దరే అన్న ఇంటిపేరు ఒక్క గడపకే ఉండేది. మిగతావాళ్లంతా శిందేలు. ఆ ఒక్క గడప మా పక్కిల్లే. సర్జేరావ్ తాంబ్‌దరే చెరకు గానుగ దగ్గర బెల్లం వండేవాడు. పాకం దించే అదను వాసన చూసి చెప్పేవాడు. భార్య పోయి ఆరేళ్లయింది. కూతురు సుశీల మేనమామ ఇంట పెరుగుతోంది. పని నుంచి వచ్చాక ఆయన తనలో తాను మాట్లాడుకోవడం గోడ ఇవతల మాకు వినిపించేది.

సుశీలకు పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు ఇంట్లో దేవక్ నిలపాలి. అంటే వంశపు చెట్టు కొమ్మ నరికి, ఆ వంశానికి చెందిన దంపతులు దాన్ని ఇంటికి తేవాలి. అది జరగందే పెళ్లికూతురికి పసుపు రాయరు. మరో తాంబ్‌దరే జంట ఎక్కడుంది?

"శిందేలకు దత్తత పో తాత్యా, ఊరంతా నీకు అన్నదమ్ములే," అన్నాడు గానుగ దగ్గర పనిచేసే మహాదూ.

"ఇంత మనిషిని, నా బరువును ఎవడు ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడ్రా?" అన్నాడు సర్జేరావ్.

తాంబ్‌దర అనే కొండ కనుమకు పూర్వీకులు కాపలా కాశారు కాబట్టి తమకు ఆ పేరు వచ్చిందని ఆయన తాత చెప్పేవాడట. సర్జేరావ్ రెండు బస్సులు మారి అక్కడికి వెళ్లాడు. తర్వాత జరిగిందంతా ఆయనే మాకు చెప్పాడు.

కనుమ కింద నలభై ఇళ్లు, అన్నీ తాంబ్‌దరేలవే. ధోండిబా అనే పెద్దాయన కావలించుకుని, జొన్నరొట్టె పెట్టించి, తన కొడుకునూ కోడలినీ పంపుతానన్నాడు. అంతలో ఆయన భార్య అడిగింది.

"కదంబం కొమ్మ మీ ఊళ్లో దొరుకుతుందా?"

"మాది మేడి, వదినా."

"మేడియా? సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"మా అమ్మ మేడి పుల్లను పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు."

ధోండిబా కలగజేసుకున్నాడు. "కనుమ కాసినవాళ్లందరినీ తాంబ్‌దరేలనే పిలిచారు భావూ. అందులో మూడు వంశాలు. మేడివాళ్లు కరువులో కొండ దిగిపోయారట. ఎటు పోయారో తెలీదు."

"మాదీ కదంబమే అనుకుంటే పోదా?" అన్నాడు సర్జేరావ్.

"మరి నీవాళ్లెవరైనా వస్తే నిన్ను ఏ చెట్టు దగ్గర వెతుక్కుంటారు?" అన్నాడు ధోండిబా.

సర్జేరావ్ ఆ సాయంత్రపు బస్సుకే తిరిగొచ్చాడు.

భార్య స్థానంలో వక్క పెట్టుకోవచ్చని పురోహితుడు ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. పసుపు నాటి ఉదయం సర్జేరావ్ ఒక చేత గొడ్డలి, ఒక చేత మేడికొమ్మ పట్టుకుని, కండువా కొంగున వక్క ముడివేసుకుని నడిచాడు. ఆయన తలమీద నలుగురం గుడ్డ పట్టాం. ముగ్గురు శిందేలు, నాలుగోదాన్ని నేను. నా చంటిపాపకు దగ్గు తగ్గలేదు, ఎండలోకి తేవచ్చో లేదో తెలియకుండానే చంకనెత్తుకుని వెళ్లాను. గుడ్డ ఇద్దరికి సరిపడేంత పెద్దది. ఆయన పక్కన ఎవరూ లేని చోట అది గాలికి కిందికి జారింది.

"అటువైపు కొంచెం ఎత్తి పట్టమ్మా, ఆమె తలకు తగులుతోంది," అన్నాడు సర్జేరావ్.

ఎత్తి పట్టుకున్నాను. కొమ్మ గడప దాటింది. లోపల ఆడవాళ్లు సుశీలకు పసుపు రాయడం మొదలుపెట్టారు.