గెలవని కాగితంతో అద్దంకి మీదుగా ప్రత్తిపాడు దాకా

నేను గుంటూరులో ఒక ప్రైవేటు లా కాలేజీలో రాజ్యాంగం పాఠం చెబుతాను. పిల్లలు చాటుగా నాకు పెట్టిన పేరు ‘ఒకవేళ మేడం’. ఏ ప్రశ్న అడిగినా ‘ఒకవేళ’ అని మొదలుపెట్టి, ఇటొక వాదన అటొక వాదన చెప్పి గంట కొట్టేదాకా లాగుతానని వాళ్ళ ఆరోపణ. ఆరోపణ నిజమే. అలాంటి మనిషికి పోయిన గురువారం ఒక పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మా వైపు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గానికి ఇన్‌ఛార్జిగా మీ పేరు పరిశీలనలో ఉంది, ముందు ఇన్‌ఛార్జి, తర్వాత టికెట్, కాకపోతే ఉద్యోగం వదిలేసి రావాలి, సోమవారం సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పండి అన్నారు. పదిహేనేళ్ళుగా ఆదివారాలు పల్లెలు తిరుగుతూ కూలీలకు అర్జీలు రాసిపెడుతున్నాను కాబట్టి నా పేరు వాళ్ళ దాకా పోయిందట. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఇంట్లో వెళ్ళమంటే వద్దనిపించేది, వద్దంటే వెళ్ళాలనిపించేది. చివరికి ఇద్దరిని అడిగి తేల్చుకుందామని ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. ఒకరు నాకు లా చెప్పిన మాస్టారు. పాఠాలు మానేసి ఒకసారి ఎమ్మెల్యేగా గెలిచి, రెండోసారి ఓడి, ఇప్పుడు అద్దంకిలో ఉంటున్నారు. రెండోవారు ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో మిరప కూలీల మేస్త్రి, దీనమ్మత్త. చుట్టరికం ఏమీ లేదు, పిలిచి పిలిచి అత్త అయిపోయింది.

ఆరుంబావుకి గుంటూరు ఆర్టీసీ బస్టాండులో అద్దంకి ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్ దాకా ఉచితమే, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. మగవాళ్ళకు నూట ముప్పై దాకా అవుతుంది. నేను కంగారులో కాలేజీ ఐడీ కార్డు తీసి చూపించాను. కండక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది కాదండీ, గవర్నమెంటుది ఉంటే చూపించండి” అన్నాడు. మామూలు మాటే. నాకే ఆ రోజు ప్రతి మాటకూ రెండు అర్థాలు తోచాయి.

సంచిలో ఒక హైకోర్టు ఆర్డరు నకలు ఉంది. దాని సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం ఎందుకో అర్థం కాదు. దీనమ్మత్త వాళ్ళ పల్లె నుంచి క్రైస్తవుల సమాధుల దొడ్డికి ఎప్పట్నుంచో నడిచే బాట ఒక పొలం పక్కగా పోయేది. ఆ పొలం చేతులు మారాక కంచె పడింది. శవపేటికను కాలవలో దిగి మోసుకెళ్ళాల్సి వచ్చింది. జీతం తీసుకునే లెక్చరర్‌ని, నల్లకోటు వేసుకునే హక్కు నాకు లేదు. నేను రాసిచ్చాను, నా దగ్గర చదివిన కుర్రలాయరు పిటిషన్ వేశాడు. ‘పిటిషనర్ల అర్జీని ఎనిమిది వారాల్లో పరిశీలించి తగు నిర్ణయం తీసుకోవాలి’ అని ఆర్డర్ వచ్చింది. పల్లె అంతా గెలిచామనుకున్నారు. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు, లడ్డూలు పంచారు. పరిశీలించమంటే దారి ఇమ్మని కాదు, చూడమని మాత్రమే. క్లాసులో ఆ తేడా మీద ఒక పీరియడ్ మొత్తం చెబుతాను. ఆ రోజు మాత్రం వాళ్ళ సంతోషం చూసి నోరు రాలేదు. లడ్డూ తిని వచ్చేశాను. తర్వాత రెండేళ్ళుగా తహసీల్దారు ఆఫీసులో ఆ ఫైలు అలాగే పడి ఉంది.

ఎనిమిదిన్నరకు అద్దంకిలో దిగాను. బస్టాండు బయట ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు. వేడి మీద బాగున్నాయి. కారప్పొడి వేయమంటారా, అల్లం పచ్చడా అని వంటావిడ అడిగితే ఆలోచనలో పడ్డాను. ఆవిడ గరిటె పట్టుకుని కాసేపు చూసి, “వెనక జనం ఉన్నారమ్మా” అని రెండూ వేసేసి వెళ్ళిపోయింది. ప్రతి విషయంలోనూ ఎవరో ఒకరు అలా తేల్చేస్తే ఎంత బాగుండును అనిపించింది.

మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. విషయమంతా విని, “నేను పాఠాలు మానేసింది ఎందుకనుకున్నావ్ విమలా? ఆర్డర్లు తెచ్చి ఇస్తే ఆఫీసుల్లో నిద్రపోయేవి. వాటిని నిద్రలేపే కుర్చీ ఏదో దాంట్లోనే కూర్చుందామని వెళ్ళాను” అన్నారు.

“కూర్చున్నారుగా మాస్టారూ.”

“కూర్చున్నా. పొద్దున లేస్తే గుమ్మం నిండా జనం. అందరి చేతుల్లోనూ అర్జీలే. ఒక్కోదాని మీద ఏం రాసేవాడినో చూపిస్తా ఉండు.” లోపలికి వెళ్ళి పాత లెటర్‌ప్యాడ్ కాగితం ఒకటి తెచ్చారు. ‘పరిశీలించి తగు చర్య తీసుకొనగలరు’ అని ఆయన చేతిరాత, కింద సంతకం. “కోర్టులో ఈ మాట చూస్తే మనకి ఒళ్ళు మండేది కదా. ఐదేళ్ళు నేనే రాశాను. చెయ్యి నొప్పెట్టేదాకా రాశాను.”

నాకు నవ్వు రాలేదు. ఒక్క పని కూడా కాలేదా అని అడిగాను. కొన్ని అయ్యాయన్నారు. రెండు కాలనీలకు మంచినీళ్ళు వచ్చాయి, హాస్టల్ గోడ లేచింది, అవి కోర్టుల్లో తిరిగితే వచ్చేవి కావన్నారు. మరి నన్నేం చేయమంటారని అడిగితే, “వెళ్ళకపోతే నీలాంటివాళ్ళు రారని తిడతాను. వెళితే నీకెందుకమ్మా అని బాధపడతాను” అన్నారు. మీరు కూడా ఇటూ అటూ చెబితే ఎలా మాస్టారూ అన్నాను. “నీకు నేర్పింది ఎవరనుకున్నావ్?” అని ఆయనే పగలబడి నవ్వారు. వచ్చినప్పుడు ఒక ప్రశ్న ఉంది, వెళ్ళేటప్పటికి రెండయ్యాయి. అంత దూరం వెళ్ళినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పదిన్నరకు మళ్ళీ బస్సెక్కి చిలకలూరిపేట వచ్చి, అక్కడ హైవే మీద గుంటూరు బస్సు పట్టుకుని, ప్రత్తిపాడు వైపు తిరిగే రోడ్డు దగ్గర దిగాను. అక్కడ్నుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై. పత్తి ఏరడాలు అయిపోయాయి, చేలల్లో ఎండిన మోళ్ళే ఉన్నాయి. మిరప మాత్రం కోతల మీద ఉంది. ఆటో అతను అద్దంలో నన్ను చూస్తూనే ఉన్నాడు.

“మీరు మాకు నిలబడతన్నారంటగా మేడంగారూ? గ్రూపులో మీ ఫొటో కూడా పెట్టారండీ.”

“నేనింకా ఏమీ అనుకోలేదు బాబూ.”

“మీరనుకునేదేముందండీ, వాళ్ళనుకోవాలి గానీ” అన్నాడు. రాజ్యాంగంలో ఇంత సూటిగా ఎక్కడా రాసి లేదు.

పల్లెలో దిగేసరికి ఒంటిగంట. ప్రార్థన అయిపోయింది గానీ చర్చి తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల గోడ మీద, క్యాలెండర్ పక్కన, మా ఆర్డర్ కనిపించింది. లామినేషన్ చేయించి మేకుకు తగిలించారు. ఎవరో దండ కూడా వేశారు. దీనమ్మత్త కళ్ళంలో ఉందన్నారు. వెళితే ఎండబెట్టిన మిరపకాయల రాశుల మధ్య పదిమంది ఆడవాళ్ళు ముఖాలకు గుడ్డలు కట్టుకుని, రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. అత్త నాకు గోనెసంచి పరిచింది. చేతులు మండకుండా కొబ్బరినూనె రాసుకోమని సీసా ఇచ్చింది. మంచినీళ్ళు తాగాక ఇక ఆగలేకపోయాను.

“అత్తా, ఆ గోడ మీద పెట్టింది గెలిచిన కాగితం కాదు.”

ఆమె చేతులు ఆగలేదు. “తెలుసమ్మాయ్.”

“ఎప్పుడు తెలిసింది?”

“ఎనిమిది వారాలు దాటినాక. మన లాయరబ్బాయికి నేనే ఫోను చేయించా. గెలవలేదు, ఓడలేదు, చూడమన్నారంతే అన్నాడు.”

“మరి తీసేయలేదేం?”

“తీస్తే మిగతావాళ్ళు ఎందుకు తీశావని అడుగుతారు. మేడం మనకి చెప్పకుండా దాచిందా అంటారు. నువ్వే వచ్చి చెప్తావులే అని చూస్తన్నా.”

నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటు మీదికి నెట్టేయొచ్చు గానీ నెట్టను, అది సిగ్గుతో వచ్చిన ఏడుపే. క్రిస్మస్ ముందు అత్త వాళ్ళాయన పోయినప్పుడు పరీక్షల పేపర్లు దిద్దుతున్నానని ఫోన్లోనే పలకరించాను. ఏ దారిన తీసుకెళ్ళారని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో తెలుసు కాబట్టే అడగలేదు. ఇప్పుడు అడిగాను.

“ఏ దారుందమ్మా? కాలవలోనే. మోకాళ్ళ లోతు నీళ్ళు. పెట్టె తడవకుండా తల మీద పెట్టుకున్నారు పిల్లలు.”

తర్వాత పార్టీ ఫోను సంగతి చెప్పి, వెళ్ళమంటావా అని అడిగాను.

“వెళ్తే ఆ దారి వస్తదా?”

“ఒకవేళ...” అని మొదలుపెట్టాను.

చేతిలో ఉన్న తాలు కాయ నా మీదికి విసిరింది. “అదిగో, మళ్ళీ! వస్తదంటే వస్తదను, రాదంటే రాదను, తెలీకపోతే తెలీదను.”

“తెలీదత్తా.”

“ఆ మాట బాగుంది. ఓట్లకొచ్చేవాళ్ళు అన్నీ తెలిసినట్టే చెప్తారు. నిలబడతావో మానతావో నీ ఇష్టం అమ్మాయ్. మాకు మటుకు, ఓడిపోయిన్నాడు ఓడిపోయామని చెప్పు. అంతకంటే ఏం అడగం. ముందు వీళ్ళకి చెప్పు.”

లేచి నిలబడి ఆ పదిమందికీ చెప్పాను. వాదనల్లేకుండా, మూడు నాలుగు మాటల్లో. మనం గెలవలేదు, ఆ రోజే నాకు తెలుసు, చెప్పకపోవడం నా తప్పు అన్నాను. ఒకామె ముఖం మీది గుడ్డ తీసి నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. “మరిప్పుడేం చేద్దాం?” అంది. రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అడిగే అవసరం లేకుండా చేసింది నేనే. మూడింటి దాకా కూర్చుని కొత్త అర్జీ రాశాం. చర్చికి వెళ్ళి దండ తీసేసి ఆర్డర్ కిందికి దించారు.

నాలుగున్నరకల్లా గుంటూరు వచ్చేశాను. సోమవారం సాయంత్రం పార్టీ ఆఫీసుకు ఫోన్ చేసి వస్తానని చెప్పాను. ఎందుకు చెప్పానంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రాజీనామా లెటర్ మూడుసార్లు రాసి రెండుసార్లు చించాను. టికెట్ ఇస్తారో లేదో తెలియదు, ఇస్తే గెలుస్తానో తెలియదు, గెలిస్తే మాస్టారు రాసినట్టే నేనూ రాస్తానేమో తెలియదు. ఇన్ని తెలియకుండా ఏ పనికీ దిగలేదు ఇంతవరకు. నా జీవితంలో తెలియదు అన్న మాటకు నన్ను మెచ్చుకున్నది ఒక్క దీనమ్మత్తే, బహుశా ఆ ధైర్యంతోనే దిగాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. కోర్టు కాగితం పట్టుకుని పల్లెకు వెళ్ళేటప్పుడు, ఎవరైనా స్వీట్లు తెప్పించకముందే, గుమ్మంలో నిలబడే గెలిచామో ఓడామో చెప్పేయండి. ఆ తర్వాత కూర్చోమంటేనే కూర్చోండి.