రెండో నంబరు బొత్తాం

బస్తా మూతి విప్పగానే పైన కనిపించే బియ్యాన్ని నేను నమ్మను. మోచెయ్యి మునిగేదాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్న గింజలు తీస్తాను. అరచేతిలో నలిపి, వాసన చూసి, పంటి కింద వేసి కొరికి, అప్పుడు ధర మాట్లాడతాను. తణుకులో మా బియ్యం కొట్టు తాతగారి నాటిది. ఆయన మాకు వదిలి వెళ్ళింది సగం కొట్టు, సగం అనుమానం. మా ఆవిడనడిగితే అనుమానం వాటాయే పెద్దదంటుంది.

అందుకే రాజమండ్రి నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావగారూ, మీకు సరిపోయే బండి దొరికిందండి" అన్నప్పుడు నేను బండి గురించి అడగలేదు.

"నీకేమిస్తానన్నారు?" అని అడిగాను.

"ఊరుకోండి బావగారూ. నేను అక్క కోసం చూశాను" అన్నాడు.

అక్క అంటే మా ఆవిడ. మూడేళ్ళ కిందట ఆమెకు నడుముకి ఆపరేషన్ అయింది. ఇంట్లో తిరుగుతుంది, వండుతుంది, నా మీద అరుస్తుంది, అన్నీ మామూలే. బండెక్కితే మాత్రం గతుకు గతుకుకీ ప్రాణం పోయినంత పనవుతుంది. ఆమె పుట్టిల్లు పెద్దాపురం. పెళ్ళయ్యాక కూడా, ఆ ఆపరేషన్ దాకా, ఆషాఢంలో అక్కడి మరిడమ్మ జాతరకి వెళ్ళడం ఏనాడూ మానలేదు. ఆపరేషన్ తర్వాత కూడా ప్రతి ఆషాఢం బయల్దేరాం. ప్రతిసారీ సగం దారిలోంచి తిరిగొచ్చేశాం. ఒకసారి రావులపాలెం నుంచి, ఒకసారి వేమగిరి నుంచి. ఇంటికొచ్చాక ఆమె ఏమీ అనేది కాదు. అమ్మవారికని కట్టుకున్న చీర విప్పి, మడతపెట్టి, బీరువాలో పెట్టేసేది. ఆ బీరువా తలుపు మూసిన చప్పుడు నాకు తిట్టులా వినపడేది.

అసలు చిక్కేమిటంటే, నొప్పిగా ఉందని ఆమె నోటితో అనదు. ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది" అంటుంది. ఆ మాట నమ్మి నిడదవోలులో ఒక పెళ్ళికి తీసుకెళ్తే, మర్నాడు మంచం మీంచి లేవలేకపోయింది. అప్పటినుంచి నేను ఆమె మాట వినడం మానేసి చేతులు చూడడం మొదలుపెట్టాను. నొప్పి పుడితే కొంగు చివర తీసి వేలికి చుడుతుంది. చుట్టిందా, నేను మారుమాట్లాడకుండా బండి వెనక్కి తిప్పేస్తాను.

బావమరిది చెప్పినది పెద్ద ఎలక్ట్రిక్ కారు, పైదేశపు కంపెనీది. స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద తేలుతుందట. గతుకులో పడినా లోపల కూర్చున్నవాళ్ళకి ఉయ్యాల ఊగినట్టే ఉంటుందట. కొత్తది కొనాలంటే మా కొట్టు, పక్క కొట్టు కలిపి అమ్మినా చాలదు. ఇది ఒకాయన వాడినది. ధర మా అందుబాటులోనే ఉంది. నా అనుమానమంతా అక్కడే మొదలైంది. అంత బండి మా అందుబాటులో ఎందుకుంది?

"కంపెనీవాళ్ళు ఆ మోడల్ చెయ్యడం ఆపేశారండి. అందుకని రేటు పడిపోయింది" అన్నాడు బావమరిది.

"తయారుచేసినవాడే ఇక చాలనుకున్నదాన్ని మనం ఇంటికి తెచ్చుకోవడమేంటి?"

"ఆపేయకపోతే మనం దాన్ని ముట్టుకోగలమా బావగారూ?"

ముక్కిపోయాయి కాబట్టే చవగ్గా ఇస్తున్నానని బియ్యం అమ్మేవాడు చెప్పినట్టుంది. రేపు ఏదైనా పాడైతే సామాను ఎక్కడ దొరుకుతుంది? బాగుచేసేవాడు హైదరాబాదులో ఉంటాడు, బండిని లారీ మీదెక్కించి పంపాలి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. దీనికసలు పొగే రాదు, మరి నిప్పు ఎక్కడుందో తెలిసేదెలా? ఇలా కొట్లో కూర్చుని వచ్చినవాళ్ళందరితో చెప్పుకున్నాను. అందరూ వద్దన్నారు. అందరూ ఒకే మాట అనేసరికి వాళ్ళ మీద కూడా అనుమానమొచ్చి, సరే, చూసొద్దామని బావమరిదిని అక్కడికి రమ్మని, మా ఆవిడని వెంటబెట్టుకుని మెల్లగా బయల్దేరాను.

అమ్మేది కొవ్వూరులో రిటైరైన లెక్చరరు గారు. మనిషి సన్నగా, తెల్లగా ఉతికిన లాల్చీలో ఉన్నారు. ఇంట్లో ఆయన తప్ప ఎవరూ కనిపించలేదు. మా ఆవిడకి వరండాలో కుర్చీ వేసి, వీపు వెనక ఆయనే ఒక దిండు తెచ్చి పెట్టారు. అడక్కుండా దిండెందుకు తెచ్చాడా అని దాని మీద కూడా నాకు సందేహమొచ్చింది.

"ఎందుకమ్ముతున్నారండి మాస్టారూ?" అని అడిగాను.

"ఇంట్లో దాని అవసరం లేదండి" అన్నారు.

అవసరం లేదట. అలాంటి బండిని అవసరం లేదని ఎవడు అమ్ముతాడు? ఏదో ఉందనుకుని చొక్కా చేతులు మడుచుకుని బండి మీద పడ్డాను.

మామూలు బండైతే ఇంజను ఆన్ చేసి వింటాం. దీనికి చప్పుడే లేదు. ముందు మూత ఎత్తితే, ఇంజను ఉండాల్సిన చోట సంచులు పెట్టుకునే గుంట ఉంది. విజయవాడ నుంచి నేనే పిలిపించిన మెకానిక్ లాప్‌టాప్ తగిలించి, బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందని చెప్పాడు. కానీ అప్పటికే అతను మాస్టారిచ్చిన కాఫీ తాగేశాడు. ఇక అతని మాట నేనెలా నమ్మను? బావమరిది "బావగారూ, చాల్లెండి" అని గొణుగుతున్నా వినకుండా ముందు ఎడమ సీటు కింద మ్యాటెత్తి, అంచుల్లోకి వేళ్ళు పోనిచ్చాను. బస్తా అడుగుకి చెయ్యి పెట్టడం లాంటిదే.

వేళ్ళకి గరుగ్గా తగిలింది. గోదావరి మట్టి.

గోదావరి పక్కన పుట్టినవాళ్ళకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వరద దిగిపోయాక సందుల్లో, మూలల్లో ఏం మిగులుతుందో మాకు తెలుసు. నీళ్ళలో మునిగిన బండిని కడిగి, తుడిచి, అత్తరు కొట్టి అమ్మేవాళ్ళున్నారని విన్నాను కూడా. విజయం సాధించినవాడిలా గుప్పిట తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ఈ బండి వరదలో మునిగిందండి మాస్టారూ."

బావమరిది తల దించుకున్నాడు. మాస్టారు నా అరచేతి వంక చూశారు. కోప్పడలేదు. బండి తాళం తీసి లాల్చీ జేబులో వేసుకుని, "అలా అనుకుంటే వద్దులెండి" అన్నారు.

మా ఆవిడ కుర్చీలోంచి మెల్లగా లేచి వచ్చింది. నా అరచేతిలోంచి చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య రాసింది.

"ఇది ఒండ్రు కాదండీ. ఇసుక. వరదైతే ఒండ్రు వస్తుంది, మెత్తగా పేరుకుంటుంది. ఇసుక కాళ్ళకంటుకుని వస్తుంది" అంది.

ఆ తేడా నాకు తెలియనిది కాదు. గింజ చూసి ఏ ఊరి బియ్యమో చెప్పేవాణ్ణి. దొంగని పట్టుకున్న సంబరంలో ఒండ్రేదో ఇసుకేదో చూసుకోలేదు.

ఆమె నన్నక్కడే వదిలేసి, మాస్టారిని అడిగి ఆ ఎడమ సీట్లోనే కూర్చుంది. తలుపు మీద అంకెలున్న చిన్న బొత్తాలు ఉన్నాయి. ఏమిటో చూద్దామని రెండో నంబరు నొక్కింది. సన్నటి చప్పుడుతో సీటు వెనక్కి వాలింది, కిందికి దిగింది, నడుము దగ్గర మెత్తగా ఉబ్బింది. "అమ్మయ్య" అంది మా ఆవిడ. అనాలని అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది.

నాకు కొత్త అనుమానం పుట్టింది. ఒంటరి మగాడు. పక్క సీటు మా ఆవిడలాంటి ఎవరో ఆడమనిషికి సరిపోయేలా అమర్చి, ఆ బొత్తాంలో దాచిపెట్టి ఉంది. కాళ్ళకి ఇసుక అంటుకునే చోట్లకి తిరిగారు.

"ఈ రెండో నంబరు ఎవరిదండి?" అన్నాను. గొంతు ఎలా ఉందో గానీ, మా ఆవిడ నా వంక కాల్చేసేలా చూసింది.

"మా ఆవిడదండి" అన్నారు మాస్టారు. "వారానికి మూడుసార్లు రాజమండ్రిలో డయాలసిస్. వెళ్ళి రావడానికే ఇది కొన్నాను. తిరిగొచ్చేటప్పుడు రేవు దగ్గర ఆపమనేది. కాసేపు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. పోయిన కార్తీకం రాకముందే పోయింది."

మా ఆవిడ వైపు తిరిగి, ఆమెతో అన్నారు: "ఎలా ఉందే అంటే ఎప్పుడూ బాగానే ఉందనేదమ్మా. కానీ ఈ బండిలో చప్పుడుండదు కదా. నొప్పెక్కువైతే ఆ రెండో నంబరు నొక్కేది. ఆ చప్పుడు నాకు వినపడేది. ఇంకొంచెం నెమ్మదిగా పోనిచ్చేవాణ్ణి. అంతే."

మనసు కలుక్కుమంది. అబద్ధమెందుకు, ఆ వెంటనే, కన్నీళ్ళు పెట్టించి పురుగు బియ్యం అంటగట్టినవాళ్ళు కూడా గుర్తొచ్చారు. అయితే ఈసారి నాకు అనుమానించే వ్యవధి దొరకలేదు. ఆయన నన్ను అడగడం మొదలుపెట్టారు. బండి ఎవరి కోసం? పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పుతారా? ఎంత స్పీడుగా నడుపుతారు? అంతకుముందు వచ్చిన ఇద్దరు ముగ్గురికి ఇవ్వనన్నారట.

"మా ఆవిడ కోసమేనండి" అన్నాను.

"మీరంటున్నారు. నాకు నమ్మకమేంటి?" అన్నారు.

నా జీవితంలో నా బస్తా అడుగున ఇంకొకరు చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. ఒళ్ళు మండింది, కానీ ఆ మనిషి మీద మొదటిసారి గౌరవం కలిగింది. చివరికి ఆయనే స్టీరింగ్ పట్టుకుని, మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, గోదావరి మీది రోడ్డు కం రైలు వంతెన మీద నుంచి రాజమండ్రి దాకా వెళ్ళి వెనక్కి తీసుకొచ్చారు. ఆ వంతెన అతుకుల మీద మా పాత కారు దడదడలాడేది. వెనక సీట్లోంచి నేను కొంగు మీద పెట్టిన కళ్ళు తియ్యలేదు. ఆమె చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది" అంది. యథాప్రకారం నమ్మలేదు. బండి మాత్రం కొన్నాను.

ఇంటికి తెచ్చాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. చార్జింగుకి పెట్టిన ప్రతిసారీ వైరు వేడెక్కిందేమోనని తడిమి చూసేవాణ్ణి. ఆషాఢం వచ్చింది. బీరువాలోంచి ఆ చీర బయటికొచ్చింది. పొద్దున్నే బయల్దేరాం.

రావులపాలెం దాటాం. వేమగిరి దాటాం. నేను మీటరు మీద ఒక కన్ను, కొంగు మీద ఒక కన్ను వేసి నడుపుతున్నాను. ఎంత మెత్తగా పోతోందంటే, ఏదో దాస్తోందేమోనని బండినే అనుమానించాను. రాజానగరం దగ్గర పెద్దాపురం వైపు తిరిగి ఏడీబీ రోడ్డెక్కాం. వానలకి రోడ్డు పెచ్చులు లేచిపోయి ఉంది. గాలి సంచులైనా దేవతలు కాదుగా, ఒక పెద్ద గుంటలో బండి కూలబడి లేచింది.

కాసేపటికి ఆ చప్పుడు వినపడింది. సన్నగా, సీటు వాలుతున్న చప్పుడు. ఇంజను ఉన్న బండిలో అయితే వినపడేదే కాదు.

ఇక కొంగు చూడాల్సిన పని లేదు. కాలు తేలిక చేశాను. అలవాటు కొద్దీ, తిప్పడానికి చోటు కోసం వెతికాను. ముందు పెట్రోలు బంకు దగ్గర ఖాళీ కనిపించింది. ఇండికేటరు వేశాను. పెద్దాపురం ఎంతో దూరం లేదు.

"నొప్పిగా ఉందండి" అంది.

మూడేళ్ళలో ఆ మాట ఆమె నోట వినలేదు. బండి పక్కకి ఆపేశాను.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే వెనక్కి తిప్పేస్తారని. నేను నోరు మూసుకుంటే మీరు చేతులు చూసి తిప్పేశారు. ప్రతిసారీ నొప్పి ఉంది, ఇప్పుడూ ఉంది, ఇంక ఎప్పుడూ ఉంటుంది. నొప్పి లేని రోజు చూసి పుట్టింటికి వెళ్ళాలంటే నేను ఈ జన్మలో వెళ్ళను. చెప్తున్నాగా, నొప్పిగా ఉంది. వెనక్కి మాత్రం తిప్పకండి."

కళ్ళల్లో నీళ్ళు లేవు. కొంగు వేలికి చుట్టి ఉంది. దాచుకోవడం లేదు.

ఇండికేటరు తీసేశాను. ఎద్దుబండి కూడా మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా పోనిచ్చాను. గుంట వచ్చినప్పుడల్లా "అబ్బా, నొప్పి" అంది. "ఇక్కడ కొంచెం నయం" అంది. "ఇదిగో, ఇక్కడ చాలా నొప్పి" అంది. జాతర మైకుల్లో పాట దూరంగా వినపడేదాకా అలా చెప్తూనే ఉంది. ఆ దారంతా ఆమె అన్న మాటల్లో ఒక్కదాన్నీ నేను అనుమానించలేదు.