ఆ రోజు చెయ్యెత్తింది హైమ

నిన్న పొద్దున ఆసుపత్రిలో ఓపీ చూస్తుండగా కిరణ్ ఫోన్ చేశాడు. హైమ తమ్ముడు.

"దీదీ, హైమక్క నహీ రహీ" అన్నాడు. హైమ ఇక లేదట.

"ఏ హైమ?" అని అడిగాను.

నా బతుకులో ఉన్నది ఒక్కతే హైమ. అయినా అలాగే అడిగాను.

తలనొప్పిగా ఉందని మాత్ర వేసుకుని పడుకుందట. తెల్లారాక లేవలేదు. ఇరవై ఏడేళ్ళు. తనే డాక్టర్. బిలాస్‌పూర్ మంగ్లాలో తన క్లినిక్‌కి వచ్చే ముసలమ్మలు నిన్న వాళ్ళింటి గేటు దగ్గర కూర్చుని ఏడుస్తున్నారు.

నేను పనిచేసే కోర్బా నుంచి ట్రైన్‌లో వచ్చినంతసేపూ నాకు ఏడుపు రాలేదు. లాల్‌ఖదాన్‌లో వాళ్ళ గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూశాక ఇక ఆగలేదు.

ఇది చదివేవాళ్ళలో మా కథ తెలియనివాళ్ళు కొందరున్నారు కాబట్టి చెప్తున్నాను.

మేమిద్దరం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్స్‌లో పెరిగాం. వాళ్ళ నాన్న డ్రైవర్, మా నాన్న పార్సిల్ ఆఫీసులో క్లర్క్. రెండు వేల ఒకటిలో ఎంబీబీఎస్ చదవడానికి కలిసి రష్యా వెళ్ళాం. ఒకే ఫ్లైట్, ఒకే హాస్టల్, మూడో అంతస్తులో ఒకే గది.

రెండు ఇనుప మంచాలు, ఒక బీరువా, సరిగ్గా మూసుకోని ఒక కిటికీ. నేను మొదటిరోజే ఇంటికి వెళ్ళిపోతానని ఏడుపు మొదలుపెట్టాను. హైమ కిటికీ సందుల్లో న్యూస్‌పేపర్ కుక్కుతోంది. ఏడిస్తే ఏడువు గానీ ఈ పేపర్ ముక్కలు అందిస్తూ ఏడువు అంది.

పెట్టెలు మాత్రం విప్పలేదు.

మా రైల్వే ఇళ్ళలో ట్రాన్స్‌ఫర్ మీద ఏ కొత్త క్వార్టర్‌లోకి వెళ్ళినా ముందు పాలు పొంగించాలి. సామాను సర్దడం ఆ తర్వాతే. హాస్టల్ గదికి కూడానా అని హైమ నవ్వింది. నేనే పట్టుబట్టాను.

మూడో రోజుకి పాలు దొరికాయి. కామన్ కిచెన్‌లో కరెంటు పొయ్యి. గిన్నె నిండా పోసి, పొయ్యి మీద పెట్టి, చేతులు జోడించుకుని నిలబడ్డాను.

పొంగాయి. శుభ్రంగా పొయ్యి లోపలికే పొంగాయి. టప్‌మని ఒక చప్పుడు. మూడో అంతస్తు మొత్తం కరెంటు పోయింది.

హాస్టల్ చూసుకునే పెద్దావిడ పరుగున వచ్చింది. అక్కడ ఆవిడని కమాండెంట్ అంటారు. మా కాలనీ పిల్లలకి కమాండెంట్ అంటే తుపాకీ పెట్టుకున్న రైల్వే పోలీసు ఆఫీసరే.

పాలు పెట్టి ఎక్కడ చూస్తున్నారని అడిగిందట. నేను హిందీలో ఉన్న నిజం చెప్పేశాను. చూస్తూనే ఉన్నాం, కావాలనే పొంగించాం అని. పక్కనున్న సీనియర్ మహానుభావుడు దాన్ని ఉన్నదున్నట్టు రష్యన్‌లో చెప్పాడు.

అజాగ్రత్త కాస్తా కావాలని చేసిన పని అయిపోయింది. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఇది ఎవరి పనో చెప్పండి, వాళ్ళు ఈ హాస్టల్ ఖాళీ చేయాలి అంది.

పొయ్యి మీంచి దించిన గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది.

హైమ నాకు అడ్డంగా వచ్చి నిలబడి చెయ్యెత్తింది.

నేను నోరు విప్పలేదు.

గదికొచ్చాక ఎందుకలా చేశావని అడిగాను.

"ఇంకో దగ్గర నువ్వు ఒక్కర్తివీ ఉండలేవే. ఇంటికెల్లిపోతావు. నానుండగల్ను" అంది.

ఇంకో వారానికి తనని ట్రామ్ లైన్ అవతల ఉన్న పాత హాస్టల్‌కి మార్చారు. అంటే మేం ఒకే గదిలో ఉన్నది మొత్తం పదకొండు రోజులు. ఆ తర్వాత ఆరేళ్ళు ఒకే క్లాసులో చదివాం, రోజూ కలిశాం. కానీ క్లాసవగానే తను అటు, నేను ఇటు. ఆ పదకొండు రోజుల కోసం నాకు ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

డిసెంబర్‌లో ఒకసారి తన గదికి వెళ్ళాను. మూడు నెలలైనా సూట్‌కేస్ విప్పి సర్దుకోలేదు. బట్టలు అందులోంచే తీసుకుంటోంది, ఉతికి మళ్ళీ అందులోనే పెట్టుకుంటోంది. బీరువా ఖాళీ. ఏటే ఇది అన్నాను.

"నీ గదిలో రెండో మంచం కాళీ అయితే వచ్చీడమే కదే. మల్లీ సర్దుకోడం దేనికి?"

ఒక్కర్తినీ ఉండగలనని చెప్పిన మనిషి.

తిరిగి వచ్చేటప్పుడు కమాండెంట్‌కి నిజం చెప్పేద్దామని దారంతా అనుకున్నాను. ఆవిడ గది తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చి టీ పెట్టుకుని తాగాను. పిరికిదాన్ని. ఆ రెండో మంచం ఆరేళ్ళూ ఖాళీ కాలేదు.

ఇదంతా ఈరోజు ఎందుకు రాస్తున్నానంటే, నిన్న జరిగినదాని వల్ల.

హైమ వాళ్ళమ్మని నేను పిన్ని అంటాను. నిన్న పిన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్తోంది. "నా పిల్లకి సదువొక్కటే వచ్చు. పాలు కాయడం రాదు. రష్యాలో హాస్టలంతా సీకటి సేసీసింది." చెప్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది.

తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే కథ. హైమ ప్రతిసారీ నవ్వేసి ఊరుకునేది. ఒక్కసారి కూడా నావైపు చూసేది కాదు.

నిన్న అందరూ తలూపారు.

నేనూ తలూపాను. అదే హైమ ముందు నిలబడి.

కిరణ్, నీకు తెలుగు చదవడం రాదని తెలుసు, అందుకే ఈ మాట హిందీలో కూడా పంపుతున్నాను. దీన్ని నాన్నగారి చేత చదివించి అమ్మకి వినిపించు. రేపు నేనే వస్తాను. కానీ మీ ముందుకొచ్చాక మళ్ళీ నా నోరు పెగలదేమోనని ముందే రాస్తున్నాను.

పిన్నీ, ఆ రోజు పాలు పెట్టింది నేను. మీ పిల్ల చెయ్యి మాత్రమే ఎత్తింది.

వెళ్ళిరా హైమా. ఇక నీ చోటు నుంచి నిన్నెవరూ కదపకూడదు. హాయిగా ఉండు.